ఎవరింటికీ రాలేదు

కుళాయి తిప్పగానే నీళ్ళు వచ్చాయి, అదీ లావుపాటి ధారగా. అందుక్కూడా ఆమెకి కోపమే వచ్చింది. రాకపోతే బాగుండేది. నీళ్ళు రాకో, గోడకి చెమ్మెక్కో, కిటికీ రెక్క బిగుసుకుపోయో, ఏదో ఒక వంక దొరికితే ఈ ఇల్లు మాకొద్దని దర్జాగా మెట్లు దిగిపోయేది. వంక లేదు. రెండు గదులు, ఒక హాలు, ఇద్దరు నిలబడితే భుజాలు తగలని వంటిల్లు, వీధి వైపు బాల్కనీ. అద్దె కూడా తమలాంటి వాళ్ళ కోసమే ఎవరో కూర్చుని ఆలోచించినట్టు, భయపెట్టేంత ఎక్కువా కాదు, అనుమానం పుట్టేంత చవకా కాదు. వంకంతా ఇంటి కోసం ఆడిన మాటలో ఉంది. ఎంతమంది ఉంటారని ఓనరు ఫోనులో అడిగితే "ఇద్దరమేనండీ" అన్నాడట ఈయన. ఇద్దరం అన్నా కొంత నయం, మూడో మనిషి తరవాత వచ్చి చేరడానికి తలుపు ఓరగా వేసి ఉంచినట్టు. ఇద్దరమే! ఆ చివరి 'మే'తో గడియ కూడా పెట్టేశాడు, అమ్మ అవతల ఉండిపోయింది. ఈ ముక్క ఇంట్లో చెప్పలేదు మహానుభావుడు. బస్సులో చెప్పలేదు. బస్సు దిగి ఈ వీధి మలుపు తిరిగాక, అమ్మ చెప్పుల కొట్టు అద్దంలోకి చూస్తూ ఆగినప్పుడు, పక్కకి జరిగి చెవిలో చెప్పాడు. "పెద్దవాళ్ళుంటే ఇవ్వరట. అత్తయ్యగారిని కాసేపు కింద కూర్చోబెడదాం. ఓనరొచ్చి తాళాలిచ్చి వెళ్ళిపోతే అయిపోతుంది." అయిపోతుందట. ఏం అయిపోతుంది?

ఓనరుది వెనక వీధి, కొడుకు దగ్గర ఉంటాడట. ఆయన్ని తీసుకురావడానికి ఈయన వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ "స్విచ్చులన్నీ ఒకసారి వేసి చూడు" అని పని కూడా అప్పగించాడు. ఆమె స్విచ్చులు వేసింది, తీసింది, వేసింది. కాలుగాలిన పిల్లిలా ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరిగింది. ఖాళీ ఇల్లు కదా, ప్రతి అడుగుకీ ఎదురుమాట్లాడుతోంది. బాల్కనీలోకి రాగానే కళ్ళు వాటంతటవే కిందికి పోయాయి. ఎదురు కాలిబాట మీద మందుల షాపు, షాపు ముందు ఇనప బెంచీ, బెంచీ మీద అమ్మ. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టుకుని, ఎవరింటి వరండాలోనో పిలుపు కోసం కూర్చున్న మనిషిలా. అమ్మకి వినపడలేదనే అనుకుంటున్నాడు ఈయన. వినపడకపోవడమా! వయసంతా ఆస్పత్రిలో ఆయాగా చేసిన మనిషి, వార్డు ఆ చివర మంచంలో ఎవరైనా నిద్రలో మూలిగితే ఈ చివర నుంచి లేచి వెళ్ళిన చెవులవి. ఈయన గుసగుసలు అవతలి వీధికి వినిపిస్తాయి. "మీరు ఇల్లు చూసుకోండి, నేను వీధి చూస్తాను" అంది అమ్మ, ఎవరూ ఏమీ అడక్కుండానే, నవ్వుతూ. ఆ నవ్వు తలుచుకుంటే అరికాలి మంట నెత్తికెక్కుతోంది. కోప్పడినా బాగుండేది కదమ్మా నువ్వు.

అసలీ ఇల్లు వెతికింది ఎవరి కోసం? ఇప్పుడుంటున్నది ఊరి చివర, పెద్ద రోడ్డు పక్కన. కాలిబాట లేదు. గుమ్మం దాటితే లారీలే. దేనికి వెళ్ళాలన్నా ఏదో ఒకటి ఎక్కాల్సిందే, ఎక్కాలంటే ముందు ఆ రోడ్డు దాటాల్సిందే, దాటాలంటే ముందు దణ్ణం పెట్టుకోవాల్సిందే. అమ్మ అక్కడికి వచ్చాక గడప దాటడం మానేసింది. డాక్టరు చూసి, వేరే మందులెందుకమ్మా నీకు, నడవడమే మందు అన్నాడు. "నడవమని రాశారు గానీ ఎక్కడ నడవాలో రాయలేదే బుజ్జీ" అంది అమ్మ చీటీ అటూ ఇటూ తిప్పి చూసి. అప్పట్నుంచి మంచం చుట్టూ నడుస్తోంది, మంచం చుట్టూ, సోఫా చుట్టూ, మళ్ళీ మంచం చుట్టూ, గానుగెద్దులాగా. తాను బట్టలు సరిచేసే షాపులో కుట్టు మిషను ముందు కూర్చుని ఎవరి పంట్లామో పొట్టి చేస్తూ ఉంటుంది, జిప్పు మారుస్తూ ఉంటుంది, చెవుల్లో మాత్రం అమ్మ చెప్పుల చప్పుడే. అందుకని వెతికారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దాయన అద్దెకి వెతికి చూసి ఉండడు, చూసి ఉంటే ఆ సామెతకి ఇంకో ముక్క తగిలించేవాడు. ఏం పని, ఎక్కడ పని, పిల్లలున్నారా, లేరా, ఎందుకు లేరు, గోడకి మేకులు కొడతారా, చుట్టాలు ఎక్కువా? ఎందుకు లేరట! దేవుణ్ణి అడిగి చెబుతాననాలనిపించింది. బ్రోకరు మాత్రం అరటిపండు ఒలిచి నోట్లో పెట్టినట్టు మాట్లాడేవాడు. "ఈ వీధిలో అన్నీ నడిచే దూరమేనమ్మా. కూరలు, డాక్టరు, పార్కు, పోస్టాఫీసు, మీ షాపూ నడిచే దూరమే, సారు షాపూ నడిచే దూరమే." ఆ రెండు మాటలూ ఆమెకి ప్రార్థనలా అంటుకుపోయాయి. నడిచే దూరం. రోజూ పొద్దున్నే కళ్ళు మూసుకుని అదే అడిగింది, స్వామీ, అమ్మ నడిచే దూరంలో అన్నీ ఉండే ఇల్లొకటి చూపించు. చూపించావు. కాదనను. ఇంత మంచి ధారతో సహా చూపించావు. కానీ ఆ ఇంట్లో అమ్మకి చోటు కూడా ఉండాలని విడిగా అడగాలని నాకు తెలీలేదు. అడగడంలో నేనేమైనా తప్పానా, లేక నీ దగ్గర కూడా ఓనర్ల దగ్గర మాట్లాడినట్టు అన్నీ ముందే విప్పి చెప్పుకోవాలా?

కోపం దేవుడి దాకా పోయిందని తెలిసి చెంపలేసుకుంది. మళ్ళీ ఈయన మీదికి తెచ్చుకుంది. అక్కడైతే పాపం లేదు. చెడ్డవాడైతే ఈ బాధ ఉండేది కాదు. మెత్తని మనిషి, నోట్లో నాలుక లేదంటారే ఆ రకం, ఉన్న నాలుక ఎదుటివాడు అన్నదానికి తలూపడానికే వాడతాడు. కళ్ళజోళ్ళ షాపులో పని. పొద్దున్నించీ సాయంత్రం దాకా వచ్చినవాళ్ళకి అద్దాలు మార్చి మార్చి పెట్టి, ఇప్పుడు కనిపిస్తోందా అండీ, ఇదా అదా, ఏది బాగుందండీ అని అడుగుతూనే ఉంటాడు. ఊరందరికీ చూపు తెప్పించే మనిషి సొంత అత్తగారిని కనపడకుండా చేశాడు! అమ్మ కళ్ళజోడు కూడా ఈయన తెచ్చిందే, ముక్కు మీద ఒత్తుకుంటోందంటే రాత్రి కూర్చుని వంచి సరిచేశాడు, అదీ నిజమే. అందుకే ఇంకా మంట. "ఏముందే, ఓ వారం పోయాక అత్తయ్యగారు చుట్టపుచూపుగా వచ్చారని చెబుదాం" అన్నాడు మెట్లెక్కుతూ. చుట్టపుచూపు ఎన్నాళ్ళండీ? "తరవాత వాళ్ళే అలవాటు పడతారు." అలవాటు పడేదాకా? "కాస్త చూసుకుని వెళ్తూ వస్తూ ఉంటే సరి." అంటే అమ్మ నడక కోసం ఇల్లు మారి, అమ్మని ఓనరు కంటపడకుండా నడవమంటాడు. మెట్ల మీద అడుగుల చప్పుడైతే లోపలికి తప్పుకోమంటాడు. ఎవరి దగ్గరా ఏదీ దాచుకోని మనిషికి, బస్సులో పక్క సీటు మనిషికి కూడా తన బీపీ ఎంతో చెప్పే మనిషికి, ఇంకా సామాను దించకముందే అబద్ధం నేర్పుతాడు. ఇంట్లో మేం అడుగుపెట్టకముందే అబద్ధం అడుగుపెట్టింది, ఇక అది ఖాళీ చేస్తుందా?

లోపలి గదిలోకి వెళ్ళింది. ఈ గది అమ్మకని మొదటిసారి చూసినప్పుడే అనుకుంది. గోడ మీద మంచం తలవైపు ఆనిన చోట రంగు వెలవకుండా ఉంది. పోయినసారి ఉన్నవాళ్ళింట్లో పెద్దాయన ఈ గదిలోనే పోయాడని బ్రోకరు చల్లగా చెప్పాడు, ఇవాళే, తలుపు తీసి ఇచ్చి వెళ్ళిపోయేటప్పుడు, అందుకేనమ్మా ఓనరుగారికి పెద్దవాళ్ళంటే భయం అని. ఆమెకి భయం వేయలేదు. ఆ పెద్దాయన తల ఆన్చిన చోటు మీద చెయ్యి వేసి చూసింది, గోడ చల్లగా, మామూలుగా ఉంది. ఎవరో ఆయన చెయ్యి పట్టుకుని ఉంటారా అప్పుడు? ఆస్పత్రిలో అమ్మ పట్టుకునేది. ఎవరూ రాని వాళ్ళ చెయ్యి. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ, ఈరోజు ఒకాయన్ని సాగనంపానే అనేది, ఎవర్నో బస్సెక్కించి వచ్చినట్టు. అంత తేలిగ్గా ఎలా అంటావమ్మా అంటే, "వచ్చిన దారినే కదే వెళ్ళేది, కొత్త దారా ఏమన్నా" అనేది. అలాంటి మనిషిని చూసి భయపడతారా? పోయేవాళ్ళ పక్కన ఇన్నేళ్ళు కూర్చున్న మనిషిని, నువ్వే పోతావేమో అని బయట బెంచీ మీద కూర్చోబెడతారా? పిడికిలితో గోడని ఒకటి పొడిచింది. వేలి కణుపులు నొప్పెట్టాయి. గోడకేం, చెక్కు చెదరలేదు.

మళ్ళీ బాల్కనీ. అమ్మ పక్కన ఎవరో చేరారు. చేతికర్ర, గళ్ళ చొక్కా, తలకి టోపీ, పెద్దాయనే. నడిచి నడిచి ఆయాసం వచ్చి కూర్చున్నట్టున్నాడు, కర్ర మీద రెండు చేతులూ ఆన్చి రొప్పుతున్నాడు. అమ్మ ఇటు జరిగి చోటిచ్చింది. ఇంకేం, మొదలుపెట్టింది. చెయ్యి చాపి పార్కు వైపు చూపిస్తోంది, ఆయన తల తిప్పి ఇంకో వైపు చూపిస్తున్నాడు, అమ్మ నవ్వుతోంది. ఎన్నాళ్ళయింది అమ్మ కొత్త మనిషితో మాట్లాడి! ఆ నవ్వు ఇంకా బాగా కనపడాలని ముందుకి వంగింది ఆమె. వెంటనే దాని వెనకే భయం, ఏం వాగేస్తోందో, ఎవరికి చెప్పేస్తోందో. ఆ భయం తనకి పుట్టినందుకు మళ్ళీ కోపం. చూశావా, నేనూ చేరిపోయాను ఈయన జట్టులో, మా అమ్మ నోరు మూసుకుంటే బాగుండునని నేనే అనుకుంటున్నాను.

అప్పుడు వీధి మలుపులోంచి ఈయన వచ్చాడు, పరుగులాంటి నడకతో, చెమటలు తుడుచుకుంటూ. నేరుగా బెంచీ దగ్గరికి వచ్చి ఆగాడు. ఆ పెద్దాయనకి వంగి నమస్కారం పెట్టాడు. మీ ఇంటికే వెళ్ళానండీ, మీరు బయల్దేరారన్నారు అంటున్నట్టు చేతులు అటూ ఇటూ ఆడించాడు. ఓనరా! ఆమె రెయిలింగు పట్టుకుంది. కింద ఈయన చెయ్యి అందించి పెద్దాయన్ని లేపాడు, కర్ర సర్ది ఇచ్చాడు. పక్కనే అమ్మ. మోకాళ్ళు ఈయన పంట్లాముకి తగిలేంత దగ్గర. ఈయన అమ్మ వైపు చూడలేదు. పొద్దున్న కాఫీ కలిపిచ్చిన మనిషిని, తన చొక్కా గుండీ ఊడితే తనకంటే ముందు చూసి కుట్టిచ్చే మనిషిని, దారిన పోయే మనిషిని చూసినట్టైనా చూడలేదు. అదీ ఓర్చుకునేదేమో. కానీ అమ్మ కూడా తల తిప్పేసుకుంది. అల్లుడికి సాయం చేస్తున్నట్టు, నేనెవరో మీకు తెలీదులెండి అన్నట్టు, రోడ్డు మీద పోయే బళ్ళ వైపు మొహం తిప్పుకుని, సంచీ గట్టిగా పట్టుకుని కూర్చుంది. ఇద్దరూ రోడ్డు దాటి మెట్ల వైపు వచ్చేదాకా అలాగే కూర్చుంది.

ఓనరు పైకి వచ్చేసరికి మాట రాని స్థితిలో ఉన్నాడు. కిటికీ గట్టు మీద కూలబడ్డాడు. ఆమె తన సంచీలోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చింది. కోపం కోపమే, ఆయాసపడే మనిషికి నీళ్ళు నీళ్ళే. ఆయన తాగి, మూతి తుడుచుకుని, "చల్లగా ఉండు తల్లీ" అన్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. అందరూ మంచివాళ్ళలాగే ఉన్నారు, చెడ్డవాడు ఒక్కడు దొరికితే తిట్టడానికి ఎంత సుఖంగా ఉండేదో.

"కింద ఒకావిడ కలిసిందమ్మా" అన్నాడాయన ఊపిరి కూడదీసుకుని. "భలే కలుపుగోలు మనిషి. ఈ వీధి బాగుందన్నయ్యగారూ, నడవడానికి దారుంది, కూర్చోడానికి చోటుంది అంది. ఎవరింటికొచ్చారమ్మా అంటే, ఎవరింటికీ రాలేదండీ, ఊరికే కూర్చున్నాను అంది. పాపం, ఎవరూ లేనట్టున్నారు."

ఈయన కళ్ళు నేల మీద ఏదో వెతికాయి.

"ఉన్నారు" అంది ఆమె.

"ఎవరూ?"

"ఆవిడకి మనుషులు. నేనున్నాను. ఆవిడ మా అమ్మ. ఈ ఇంట్లోకొస్తే ముగ్గురం వస్తాం. లేకపోతే ఎవరమూ రాం."

ఓనరు ఈయన వైపు తిరిగాడు. "ఇద్దరమే అన్నావు కదయ్యా?"

"అంటే... అత్తయ్యగారు చుట్టపుచూపుగా..."

"మా ఇంట్లో మా అమ్మ చుట్టం కాదండీ" అంది. గొంతు ఖాళీ గదుల్లో మోగింది. ఈయనతో ఇంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు, పరాయివాళ్ళ ముందు అసలే లేదు. ఇప్పుడు సిగ్గేయలేదు.

ఓనరు కర్ర పొన్ను నేల మీద రాశాడు. "నేను రాక్షసుణ్ణి కాదమ్మా. ఆ లోపలి గదిలో ఒకాయన పోయాడు. తరవాత ఎవరు చూడ్డానికొచ్చినా వీధిలో వాళ్ళే ముందు ఆ సంగతి చేరేసేవాళ్ళు. ఏడాది ఖాళీ. దీని మీద వచ్చేదాంతోనే నా మందులూ నా మర్యాదా. కోడలి ముందు చెయ్యి చాచలేను." ఆగి, సర్దుకుని అన్నాడు. "సరే, ఆవిడ మంచి మనిషే. ఉంచుకోండి. కానీ ఒక్క మాటివ్వండి నాకు. ఆవిడకేదైనా అయ్యేట్టుంటే, ముందే ఆస్పత్రికి తీసుకెళ్ళిపోవాలి. ఇక్కడ మాత్రం కాకూడదు."

"అలాగేనండీ, తప్పకుండా" అన్నాడు ఈయన. వెంటనే. మొహంలో ఎంత వెలుగో! ఇంత సులువుగా తేలిపోతుందనుకోలేదన్నట్టు.

ఆమె చూసింది. ఇల్లు చేతికందింది. కుళాయి, బాల్కనీ, కూరలు, డాక్టరు, పార్కు, అన్నీ. ఊ అంటే చాలు. ఈయన అన్నట్టు తనూ అనేసి, ఆ రోజు వచ్చినప్పుడు చూసుకోవచ్చు, అప్పుడు ఎవరొచ్చి అడుగుతారు? కానీ మాట అంటే మాటే కదా, పైన వినేవాడొకడు ఉన్నాడు కదా. రేపు అమ్మ కాస్త నీరసంగా పడుకుంటే, ఏమ్మా ఎలా ఉందని నుదుటి మీద చెయ్యి వేస్తానా, ఇచ్చిన మాట గుర్తొచ్చి వాకిట్లోకి బండి పిలుస్తానా? అమ్మ దగ్గినప్పుడల్లా ముందు ఈ ఓనరు మొహం వస్తుందా కళ్ళ ముందు? ఎందరినో సాగనంపిన మనిషిని, గది పాడవుతుందని గబగబా దింపేసి తీసుకుపోవాలా?

"ఆ మాట నేనివ్వనండీ" అంది. "అది నా చేతిలో లేదు. మీ చేతిలోనూ లేదు. పైవాడు చూసుకునే పనికి మీరూ నేనూ ఒప్పందం రాసుకోవడమేమిటి? మీరూ పెద్దవారేగా, మీ అబ్బాయి మిమ్మల్ని ఎప్పుడైనా ఈ మాట అడిగాడా?"

ఆయన మొహం చూశాక, అడక్కూడనిది అడిగానని తెలిసింది. కోపానికి కళ్ళుండవు. కానీ వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. మెట్లు దిగి, రోడ్డు దాటి, బెంచీ మీద అమ్మ పక్కన కూర్చుంది.

"ఓనరట కదే ఆయన!" అంది అమ్మ. "అల్లుడుగారు దణ్ణం పెడుతుంటే తెలిసింది. ముందే తెలిస్తే ఇంకొంచెం గట్టిగా అబద్ధమాడేదాన్ని."

"ఎందుకమ్మా అలా చెప్పావు? ఎవరింటికీ రాలేదని?"

"ఎవరు ఎవరికి చుట్టమో ఎవరికి తెలుసు, మాట మోస్తారని చెప్పాను. మీరు చల్లగా ఒక ఇంట్లో పడితే చాలు. నాదేముందే, ఏదో ఒకలా గడుస్తుంది."

ఆమె చెప్పింది, పైన ఆయన ఏం మాట అడిగాడో, తనేం అందో. మెల్లగా చెబుదామనుకుంది, నోరు వినలేదు, అంతా ఒక్కసారే కక్కేసింది. అమ్మ నవ్వుతుందనుకుంది. వచ్చిన దారే కదే అంటుందనుకుంది. అమ్మ కళ్ళజోడు తీసి, చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. పెదవులు బిగుసుకున్నాయి.

"ఏమోయ్!" బాల్కనీలోంచి ఈయన కేక. వీధి వీధంతా తలెత్తింది, మందుల షాపులో అబ్బాయి కూడా. "ఆ మాట అక్కర్లేదట! అత్తయ్యగారిని ఒకసారి పైకి తీసుకురా! మెట్లెక్కగలరో లేదో చూస్తారట! ఆయాసం రాకుండా ఎక్కితే ఇస్తామంటున్నారు!"

ఆమె లేచేసింది. అమ్మకి మెట్లు ఒక లెక్కా! చకచకా ఎక్కేస్తుంది, అయిపోతుంది, తాళాలు చేతిలో పడతాయి. చెయ్యి అందించింది. అమ్మ ఆ చెయ్యి పట్టుకుని, లేవడానికి కాదు, ఆమెని కిందికి లాగింది.

"కూర్చో."

"అమ్మా, ఒక్కసారి ఎక్కితే..."

"కూర్చోవే!" అమ్మ గొంతు అలా ఉంటుందని ఆమెకి తెలీదు. వార్డులో ఎవరినైనా అలా అదిలించేదేమో. అమ్మ తల పైకెత్తింది. "అల్లుడుగారూ! మెట్లు నాకు కొత్త కాదు, జీతమంతా మెట్లెక్కే తిన్నాను! కానీ సంతలో గొడ్డులాగా నడిచి చూపించను! నన్ను చూడాలనుంటే ఆయన్నే దిగి రమ్మనండి. ఇందాక పక్కనే కూర్చున్నప్పుడు బాగానే కనిపించానుగా!"

బాల్కనీలో ఈయన వెనక్కి తిరిగి లోపలికి ఏదో చెప్పాడు. తరవాత బాల్కనీ ఖాళీ అయిపోయింది. పోయింది ఇల్లు, అమ్మా కూతురూ కలిసి పోగొట్టేశాం, మళ్ళీ ఆ లారీల రోడ్డు, మళ్ళీ ఆ మంచం చుట్టూ నడక. పోనీ. పోతే పోనీ. ఒళ్ళు మండుతూనే ఉంది, ఆ మంటలోనే ఎక్కడో వీపు నిటారుగా నిలబడింది.

ఎదుటి మెట్ల గదిలోంచి కర్ర చప్పుడు మొదలైంది. టక్. కాసేపు ఏమీ లేదు. టక్. "మెల్లగా అండీ, మెల్లగా" అని ఈయన గొంతు. టక్. పెద్దాయన వస్తున్నాడు కదా అని ఆమె అలవాటుగా లేవబోయింది. అమ్మ పట్టు వదల్లేదు.

"లేవక్కర్లేదు. కాస్త జరుగు, ఆయన కూర్చోడానికి" అంది.

ఆమె జరిగింది. జానెడే జరిగింది.